తాకట్టులో మాట: పాలమూరులో డబ్బు, నీతి

(సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం, జడ్చర్ల: ముద్రణ పాఠం)



సురవరం ప్రతాపరెడ్డి గారి స్మృతిలో, ఆయన పుట్టిన పాలమూరు గడ్డ మీద నిలబడి మాట్లాడటం ఎవరికైనా గౌరవమే, బరువు కూడా. 1926లో గోలకొండ పత్రికను నిలబెట్టిన సంపాదకుడాయన. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పిన మనిషి. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి అందుకోవడానికి ఆయన లేరు.

ఆ గ్రంథం రాజుల వంశవృక్షాలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఎలా బేరమాడారు అని అడిగింది. డబ్బుకూ నీతికీ ఉన్న సంబంధాన్ని ఆలోచించడానికి అదే సరైన దారి అని నా నమ్మకం. ఈ ప్రశ్నను సాధారణంగా ధనవంతుడి మనసు దగ్గర మొదలుపెడతాం. నేను అప్పు తీసుకున్నవాడి గుమ్మం దగ్గర మొదలుపెడతాను.

ప్రశ్న

డబ్బు గురించి మన సమాజంలో రెండు మాటలు ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి. లోకమంతా ధనం మీదే నడుస్తుందన్నది ఒకటి. ధనం మనిషిని చెడగొడుతుందన్నది రెండోది. మన శతక కవులు ఈ రెండింటినీ చెప్పారు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న పెద్దలూ ఈ రెండింటినే చెబుతారు. ఈ రెండు మాటలూ డబ్బు చేతిలో ఉన్నవాడి గురించినవే. వాడికి ఆశ పెరిగిందా, గర్వం పెరిగిందా, దయ తగ్గిందా అన్నదే విచారణ. డబ్బు చేతిలో లేనివాడి నీతిని డబ్బు ఏం చేసింది అని అడిగినవాళ్లు తక్కువ.

నా ప్రతిపాదన ఇది. పాలమూరులో గత నూట డెబ్బై ఏళ్లుగా డబ్బు నీతిని తుడిచిపెట్టలేదు, నీతి మీదే నడిచింది. ఆ నీతి పేదవాడిది. తీసుకున్నది తీర్చాలి, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, పది మందిలో ఇజ్జత్ పోగొట్టుకోవద్దు అన్న పట్టుదలే ఇక్కడ అప్పుకు అసలైన తాకట్టు. భూమి లేనివాడికి, బంగారం లేనివాడికి అప్పు పుట్టింది వాడి మాట మీదే. ఆ మాటను పుచ్చుకున్నవాడు మాత్రం తన మాటకు అంతగా కట్టుబడలేదు, కట్టుబడమని అతన్ని నిలదీసినవారూ అరుదు. నీతి ఒకవైపే బాధ్యత అయింది. డబ్బు చేసిన అసలు నష్టం అక్కడ ఉంది.

శిస్తు, సాహుకారు, భగేలా

1853లో సాలార్‌జంగ్ హైదరాబాద్ దివాన్ అయ్యాడు. అంతకుముందు శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాళ్లు పల్లెలను పిండుకునేవారు. ఆయన ఆ గుత్తేదార్లను క్రమంగా తొలగించి జీతం తీసుకునే అధికారులను పెట్టాడు. 1865లో జిల్లాలు ఏర్పరిచాడు. పాలన చరిత్రలో అది గొప్ప సంస్కరణే. శిస్తు నగదుగా, ఒక గడువుకు కట్టే పద్ధతి స్థిరపడుతున్న కొద్దీ పల్లెలో ఒక కొత్త అవసరం పుట్టింది. గింజ ఇంటికి రాకముందే రూపాయి కావాలి. పాలమూరు చల్క నేలలో వాన మీద ఆధారపడ్డ జొన్న, ఆముదం రైతుకు ఆ రూపాయి ఎక్కడిది? హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం, హాలీ సిక్కా ఉంది. నూరు బ్రిటిష్ రూపాయలకు నూట పదహారు పైచిలుకు హాలీ రూపాయలు. ఆ సిక్కా రైతు చేతికి సాహుకారు గుమ్మం దాటుకునే వచ్చేది.

భూమి ఉన్న రైతు పంటను, భూమిని పూచీ పెట్టాడు. ఏమీ లేనివాడు తనను తాను పూచీ పెట్టుకున్నాడు. అదే భగేలా. పెళ్లికో, చావుకో, తిండి గింజలకో తీసుకున్న కొద్దిపాటి పైకానికి దొర ఇంట్లో జీతం ఉండటం, మిత్తి కిందే ఒళ్లు అరిగిపోవడం, అసలు అలాగే ఉండిపోవడం, తండ్రి పోయాక కొడుకు అదే బాకీకి పసుల వెంట పోవడం. వెట్టి వేరు, భగేలా వేరు. వెట్టి కులం పేరుతో, ఊరి ఆచారం పేరుతో, అధికారం బలంతో చేయించుకున్న చాకిరి. భగేలాలో మాత్రం ఒప్పందం ఉంది. ‘నువ్వు తీసుకున్నావు కదా’ అనే మాట ఉంది. వెట్టి చేసేవాడు దొరను లోలోపల తిట్టుకోగలిగాడు. భగేలా తనను తానే నిందించుకున్నాడు. కొరడా చేయలేని పనిని మనస్సాక్షి చేత చేయించడం డబ్బుకే సాధ్యమైంది.

ఇదే కాలంలో మరో చోట ఏం జరిగిందో చూడాలి. 1855లో ఇంగ్లండ్‌లోనూ, 1857లో బ్రిటిష్ ఇండియాలోనూ పరిమిత బాధ్యత కంపెనీలకు చట్టం వచ్చింది. కంపెనీ మునిగితే వాటాదారుడు తన వాటా మేరకే నష్టపోతాడు. అతని ఇంటి జోలికి, అతని పిల్లల జోలికి అప్పులవాళ్లు రాకూడదు. వ్యాపారం సాగాలంటే అప్పుకు ఒక హద్దు ఉండాలని ఆ చట్టం గుర్తించింది. అది వివేకమే, తప్పు పట్టను. పెట్టుబడి పెట్టేవాడి అప్పుకు చట్టం హద్దు గీసిన కాలంలోనే పాలమూరు జీతగాడి అప్పు కొడుక్కి దిగింది. ఒకరికి అప్పు అంకె, మరొకరికి అది వంశం. వడ్డీలోనూ ఇలాంటి తేడాయే కనిపిస్తుంది. కౌటిల్యుడు నూటికి నెలకు పణమూ పాతిక, అంటే ఏడాదికి పదిహేను, ధర్మమైన వడ్డీ అన్నాడు. సముద్ర వర్తకుడి దగ్గర నెలకు ఇరవై దాకా తీసుకోవచ్చన్నాడు. సాహసానికి, లాభానికి ఎక్కువ, సామాన్యుడికి తక్కువ అన్నది ఆయన లెక్క. మన పల్లెల్లో ఆ లెక్క తలకిందులైంది. నేటికీ నోటు రాసే దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల మిత్తి మామూలు మాట. అంటే ఏడాదికి ఇరవై నాలుగు నుంచి ముప్పై ఆరు. పట్టా పాస్‌బుక్కు ఉన్న రైతుకు బ్యాంకు పంట రుణం ఏడు శాతానికి వస్తుంది, గడువులో కడితే నాలుగుకే పడుతుంది. అదే చేను కౌలుకు దున్నే మనిషికి మాత్రం సేటు దగ్గరి మూడు రూపాయల మిత్తే దిక్కు. ఎంత లేనివాడైతే అంత మిత్తి.

నియమాలు, పోరాటం, దానం

నిజాం ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. కాగితం మీద చట్టం ఉంది, ఊళ్లో దొర ఉన్నాడు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా పక్కనే ఉన్న నల్లగొండలో సాగిన సాయుధ పోరాటం వెట్టినీ, అప్పు పత్రాలనూ, భూమి గుత్తాధిపత్యాన్నీ కలిపి ఎదిరించింది. ఆ పోరాటం మంచి చెడ్డల మీద ఎన్ని వాదాలున్నా, జీతగాడి మనసులో బాకీకి ఉన్న దైవత్వాన్ని అది కదిలించిందన్నది కాదనలేం. మొదటిసారి అతను లెక్క అడిగాడు.

ఆ వేడిలోనే 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ఎదుట నలభై దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని సభలో లేచి చెప్పారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ రోజు విశేషం నూరు ఎకరాలు మాత్రమే అనుకోను. ఉన్నవాడు లేనివాళ్ల ఎదుట, ఊరంతా వింటుండగా మాట ఇచ్చాడు. కట్టుబడాల్సినవాడు ఈసారి పైనున్నవాడు. మన చరిత్రలో ఇలాంటి ఘట్టాలు అరుదు. ఆ తర్వాత హైదరాబాద్ చుట్టూ నేల ధర పెరిగిన కొద్దీ భూదాన భూములు ఎన్నెన్ని వివాదాల్లో చిక్కుకున్నాయో మీకు తెలుసు. ఎకరం ధర వేలల్లో ఉన్నప్పుడు నిలిచిన మాట కోట్లకు చేరినప్పుడు నిలవలేదు. దానం ఇచ్చిన తరం చేసిన ప్రమాణానికి తర్వాతి తరం వ్యాపారం వారసురాలు కాలేదు. జీతగాడి బాకీ మాత్రం కొడుక్కి దిగింది.

పాలమూరు లేబర్

దేశంలో ఏ పెద్ద ఆనకట్ట దగ్గరికి వెళ్లినా, ఏ కాలువ గట్టు మీద నిలబడ్డా పాలమూరు పేరు వినిపిస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ మొదలు ఎన్నో ప్రాజెక్టుల మట్టి ఈ జిల్లా మనుషుల తట్టల్లో నడిచింది. నీళ్లను ఊరూరికీ మళ్లించిన చేతుల సొంత చేను ఎండిపోయి ఉండటం గురించి చాలామంది రాశారు. ఆ వలస నడిచిన డబ్బు యంత్రం గురించి కొంత చెప్పాలి.

కంపెనీ పెద్ద మేస్త్రికి ఇస్తుంది. పెద్ద మేస్త్రి గుంపు మేస్త్రికి ఇస్తాడు. గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి మొగుడూ పెళ్లాలకు కలిపి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ పైకం ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిలవదు. పాత బాకీకో, ఎండిన బోరు ఖర్చుకో, బిడ్డ పెళ్లికో వెళ్లిపోతుంది. తర్వాత ఎనిమిది నెలలో, పది నెలలో చెప్పిన చోట చెప్పిన పని. వారానికి తిండి ఖర్చు చేతికిస్తారు, అది లెక్కలో రాస్తారు. జ్వరం వచ్చి పడుకున్న రోజులు కోస్తారు. లెక్క మేస్త్రి దగ్గరున్న నోటుబుక్కులో ఉంటుంది. పని ముగిసిన రోజున ఆ బుక్కు తెరిచి, పెన్ను కొన వరుస మీద నడిపించుకుంటూ అతను చివరి అంకె చదువుతాడు. ఎదుట గొంతుక్కూర్చున్న మనిషి వేళ్ల కణుపుల మీద తన లెక్క తాను చేసుకుంటుంటాడు. రెండు లెక్కలూ కలవవు. ‘మిగిలింది వచ్చే ఏడు చూసుకుందాం’ అన్న మాటతో అది ముగుస్తుంది. ఆ మాటలోనే వచ్చే ఏటి ప్రయాణం రాసి ఉంటుంది.

గుంపు మేస్త్రి చాలాసార్లు ఆ ఊరివాడే. కొన్నిసార్లు ఆ కులంవాడే, బంధువే. పని వదిలి వెళ్లిపోతే మోసపోయేది ఎక్కడో ఉన్న కంపెనీ అని కూలి అనుకోడు, మన మేస్త్రికి మాట పోతుందని అనుకుంటాడు. కంపెనీకి కాపలా అక్కర్లేదు, చుట్టరికమే కాపలా కాస్తుంది. ప్రేమను, పొరుగును, పరువును ఖర్చు లేకుండా పనిలోకి దించుకోవడం ఈ పద్ధతి తెలివి.

1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకున్నందుకు కనీస వేతనం లేకుండా పనిచేయాల్సి రావడం, వేరే చోటికి వెళ్లే స్వేచ్ఛ పోవడం వెట్టే అని అది చెప్పింది. అలాంటి బాకీలన్నీ రద్దు అన్నది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం స్థానభ్రంశ భత్యం, ప్రయాణ భత్యం ఇవ్వాలన్నది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేసేవాడు ఆకలి చేత బలవంతపడుతున్నాడు కాబట్టి అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నది. ‘ఒప్పుకునే తీసుకున్నాడు కదా’ అన్న వాదానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన జవాబు అది. నలభై ఏళ్లు దాటినా ఆ జవాబు మన ఊరి మనస్సాక్షిలోకి చేరలేదు. అడ్వాన్సు ఎగ్గొట్టి వచ్చినవాడిని ఊరు వేలెత్తి చూపుతుంది. కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరును ఊరు ఎరగను కూడా ఎరగదు.

డబ్బు చేసిన మేలు

ఈ వరుసలో ఆగి, డబ్బు పక్షాన చెప్పాల్సిన న్యాయాన్ని చెప్పకపోతే నా వాదం కుంటుతుంది. వెట్టి చేసినవాడికి పైకం అందలేదు, గింజలు అందాయి, అవీ దయ పేరుతో. గింజలతో ఊరు దాటలేడు. చేతిలో రూపాయి ఉన్నవాడు బొంబాయి బస్సెక్కగలిగాడు. అక్కడి హోటల్లో రూపాయి పెడితే నీ కులమేదని అడగకుండా టీ పోశారు. ఊళ్లో దొర ఎదుట చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి కొడుకు పట్నంలో చెప్పులేసుకుని నడిచాడు. జర్మన్ తత్వవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1900లో డబ్బు మీద రాసిన పెద్ద గ్రంథంలో దీన్నే చెప్పాడు. డబ్బు సంబంధాలను చల్లబరుస్తుంది, ఆ చల్లదనంలోనే స్వేచ్ఛ ఉంది. అంబేద్కర్ దళితులను పల్లె విడిచి పట్నం దారి పట్టమన్నదీ ఇందుకే. నెల్లూరు జిల్లా మహిళలు 1992లో సారాకు ఎదురు తిరిగిన తర్వాత పొదుపు సంఘాలు కట్టుకున్నప్పుడు, ఆడమనిషి పేరున ఉన్న నాలుగు రూపాయలు ఇంట్లో ఆమె గొంతుకు బలమిచ్చాయి.

కనుక డబ్బు వద్దు, పాత ఊరే బాగుండేదని నేననను. రూపాయి స్వేచ్ఛ ఇచ్చిన ప్రతి చోటా ఒక సమానత్వం కనిపిస్తుంది: ఇచ్చి పుచ్చుకోవడం అక్కడికక్కడ తీరిపోయింది, ఇద్దరూ ఎవరి దారిన వారు వెళ్లగలిగారు. రూపాయి సంకెల అయిన ప్రతి చోటా ఒకరు వెళ్లిపోగలరు, మరొకరు వెళ్లలేరు.

బాదేపల్లి కుప్ప దగ్గర

ఈ సూత్రాన్ని పరీక్షించడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. బాదేపల్లి వ్యవసాయ మార్కెట్‌కు పల్లీ పంట వచ్చే కాలంలో వెళ్లండి. రాత్రే వచ్చిన రైతు తన కుప్ప పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. పొద్దున ఖరీదుదారు వచ్చి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి పిడికెడు తీస్తాడు, రెండు కాయలు పగలగొట్టి గింజను వేళ్ల మధ్య నలిపి తేమ చూస్తాడు. రైతు అతని ముఖం చూస్తుంటాడు. ధర పడుతుంది, తూకం అవుతుంది, తక్‌పట్టీ చేతికొస్తుంది. ఆ చీటీ మీద అడ్తి, హమాలీ, విత్తనాలకు ముందే తీసుకున్న బాకీ పోగా మిగిలిందే అతని ఏడాది.

2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ ఎలక్ట్రానిక్ మార్కెట్ పథకం దేశంలో మొదలైనప్పుడు తెలంగాణ నుంచి తొలి విడతలో చేరిన మార్కెట్లలో బాదేపల్లి ఒకటి. దూరాన ఉన్న వ్యాపారి కూడా తెర మీద ధర కోట్ చేస్తే పోటీ పెరుగుతుందని ఆశ. అది మంచి ఆశే. ధర బహిరంగమైతే సగం న్యాయం జరిగినట్టే. మిగిలిన సగం అప్పు దగ్గర ఆగుతుంది. విత్తనాలకు పైకం ఇచ్చిన అడ్తిదారు దగ్గరికే పంట తీసుకెళ్లాల్సిన రైతుకు తెర మీద ఎన్ని ధరలు కనిపించినా పోగలిగిన దుకాణం ఒకటే. ఎవరూ అతన్ని కట్టేయలేదు. ‘కష్టంలో ఆదుకున్నాడు, ఇప్పుడు వేరేవాడికెట్లా అమ్ముతా’ అని అతనే అంటాడు. ఎంత ఉదాత్తమైన మాట అది! ఆ ఉదాత్తత ఖరీదు క్వింటాలుకు ఇన్ని రూపాయల చొప్పున అతనే చెల్లిస్తున్నాడు.

ఇంటి లోపలికి

డబ్బు గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పుడు ఏమవుతుందో పెళ్లిళ్లలో చూశాం. తెలంగాణలో కష్టం చేసుకు బతికే చాలా కులాల్లో ఒకప్పుడు ఓలి ఆచారం ఉండేది. ఆడపిల్ల చేసే పనికి విలువ కట్టి అబ్బాయి వాళ్లు ఆమె పుట్టింటికి ఇచ్చుకునేవారు. దానిలోని లోపాలు దానివి. నగదు పెరిగి, పై కులాలను చూసి నడుచుకోవడం మర్యాద అయ్యాక ప్రవాహం తిరగబడింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిన తర్వాతే అంతకుముందు కట్నం ఎరగని ఎన్నో ఇళ్లలోకి కట్నం ప్రవేశించింది. ఇక్కడా కట్టుబడేది ఒకవైపే. ఒప్పుకున్న కట్నం ఇవ్వకపోతే పిల్ల తండ్రి మాట తప్పినవాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి అతను గుంపు మేస్త్రి అడ్వాన్సుకు చెయ్యి చాస్తాడు.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల సంక్షోభం ఇదే కథను మహిళల చేత చెప్పించింది. తాకట్టు లేకుండా అప్పు, ఐదుగురు ఒకరికొకరు హామీ, వారం వారం కిస్తీ. పొరుగు మీది నమ్మకమే పూచీ. కిస్తీ కట్టలేని మనిషి ఇంటి ముందు కూర్చున్నది కంపెనీ మనిషి ఒక్కడే అయితే ఆమె ఓర్చుకునేదేమో. తనతోపాటు నాటు వేసిన, తన బిడ్డను ఎత్తుకున్న ఆడవాళ్లే వచ్చి కూర్చున్నారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ ఏడు అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేసింది. స్నేహాన్ని వసూలు సాధనంగా మార్చడం వల్ల పోయింది కొన్ని కోట్ల రుణం మాత్రమే కాదు, ఆ వాడల్లో చేబదులు అడిగే చనువు కూడా పోయింది.

మన జిల్లాల్లో రైతుల ఆత్మహత్యల గురించి ఇక్కడే ఒక్క మాట. పంట పోవడం, బోరు పడకపోవడం, ధర లేకపోవడం, ఇవన్నీ కారణాలే. అయితే అప్పు ఎగ్గొట్టడం తప్పని గట్టిగా నమ్మినవాడికే అప్పు ప్రాణాంతకమవుతుంది. నిజాయితీ తక్కువైనవాడు ఊరు మారతాడు. నిజాయితీ ఉన్నవాడు పురుగుల మందు డబ్బా వెతుక్కుంటాడు. నీతి మనిషిని నిలబెట్టాల్సింది పోయి చంపే చోట, తప్పు ఆ మనిషి నీతిలో ఉందనలేం. ఆ నీతిని వాడుకున్న ఏర్పాటులో ఉంది.

దీని పక్కన 2016 నాటి దివాలా స్మృతిని పెట్టి చూడండి. పెద్ద కంపెనీలు మునిగినప్పుడు బ్యాంకులు తమకు రావలసిన దానిలో మొత్తం మీద మూడో వంతుకు అటూ ఇటూగా రాబట్టుకుని, మిగిలినదాన్ని వదులుకుంటున్నాయి. ఆర్థిక పత్రికలు దాన్ని హెయిర్‌కట్ అంటాయి. అందులో ఎవరి ఇజ్జతూ పోదు. అదే స్మృతిలో పేదల కోసం కూడా ఒక అధ్యాయం ఉంది. ఏడాది ఆదాయం అరవై వేలు, ఆస్తి ఇరవై వేలు, బాకీ ముప్పై ఐదు వేలు దాటని, సొంత ఇల్లు లేని మనిషి అప్పు నుంచి విముక్తి కోరి కొత్త జీవితం మొదలుపెట్టవచ్చని అది చెబుతుంది. పార్లమెంటు ఆమోదించిన ఆ అధ్యాయాన్ని ఏళ్లు గడిచినా అమల్లోకి తేలేదు. వాటాదారుడికీ జీతగాడికీ మధ్య 1857 నాటి తేడా అలాగే ఉంది.

భూమి, ఓటు

జడ్చర్ల ఇప్పుడు హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి మీది పట్టణం. భూమి ధర ఇక్కడ చాలా జీవితాలను తిరగరాసింది. 2000 దశకం తొలి ఏళ్లలో పోలేపల్లి దగ్గర పరిశ్రమల కోసం దాదాపు వెయ్యి ఎకరాలు సేకరించారు. తర్వాత అది ప్రత్యేక ఆర్థిక మండలి అయింది. ఆ భూముల్లో చాలావరకు దళితులవి, లంబాడీలవి, ప్రభుత్వం అసైన్ చేసినవి. 1977 చట్టం ప్రకారం అసైన్డు భూమిని పేదవాడు అమ్ముకోకూడదు. పేదను మార్కెట్ నుంచి కాపాడాలన్నది ఆ చట్టం ఉద్దేశం. తీరా ప్రభుత్వమే తీసుకునే రోజు వచ్చేసరికి, అమ్ముకునే హక్కు లేని భూమికి ధరేముందన్న తర్కం అదే రైతు మీద వాలింది. పరిహారం చాలలేదని, చెప్పింది ఒకటి జరిగింది ఒకటని ఆ రైతులు ఏళ్ల తరబడి అడిగారు. 2008 జడ్చర్ల ఉపఎన్నికలో బాధితులే అభ్యర్థులుగా నిలబడ్డారు. వారి ప్రశ్న డబ్బు గురించే అనుకుంటే పొరపాటు. ఇచ్చిన మాటకు పైనున్నవాడు కూడా జవాబుదారీ కావాలన్నది వారి ప్రశ్న. ఈ మండలంలోనే ఉదండాపూర్ జలాశయం కింద ఊళ్లు ఖాళీ చేయాల్సిన జనం అడుగుతున్నదీ దాదాపు ఇదే. 2013 భూసేకరణ చట్టం మార్కెట్ ధరను పెంచి, దానికి నూరు శాతం అదనం చేర్చి, పునరావాసాన్ని హక్కు చేసింది. పోలేపల్లి లాంటి ఊళ్ల కన్నీళ్లు ఆ చట్టం వెనుక ఉన్నాయి.

చివరగా ఓటు. 2022 నవంబరు 3న మునుగోడులో జరిగిన ఉపఎన్నికలో డబ్బు పంపిణీ గురించి దేశమంతా మాట్లాడుకుంది. చర్చ అంతా అమ్ముడుపోయిన ఓటరు చుట్టూ తిరిగింది. ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు: రహస్య ఓటు ఉన్న దేశంలో డబ్బు ఇచ్చినవాడికి ఓటు పడుతుందన్న ధీమా ఎక్కడిది? తీసుకున్నాక మాట తప్పకూడదన్న పేదవాడి సంస్కారం మీద ఉన్న నమ్మకమే ఆ ధీమా. గుంపు మేస్త్రి అడ్వాన్సు, అడ్తిదారు విత్తన బాకీ, ఎన్నికల రాత్రి కవరు, మూడూ ఒకే పూచీ మీద నడుస్తాయి. ఓటరు నీతి లేనివాడైతే ఓట్లు కొనే వ్యాపారం ఒక్క ఎన్నికలోనే దివాలా తీసేది.

ముగింపు

డబ్బు మనిషి విలువలను ఎలా మారుస్తుందన్న ప్రశ్నకు నా జవాబు ఇప్పటికి స్పష్టమై ఉంటుంది. మంచితనం ఎక్కువగా ఉన్న చోటుకే డబ్బు వెతుక్కుంటూ వెళుతుంది, ఎందుకంటే అక్కడ పెట్టుబడికి భద్రత ఉంది. ఆ మంచితనాన్ని అది వెంటనే నాశనం చేయదు, తరాల తరబడి దాని మీద మిత్తి వసూలు చేస్తుంది. చివరకు కొడుకులు తండ్రులను చూసి ‘నిజాయితీగా ఉండి ఏం బాగుపడ్డారు?’ అని అడిగే రోజు వస్తుంది. విలువలు పతనమయ్యాయని మనం వాపోయేది ఆ రోజున. పతనం అంతకు ఎంతో ముందే, లెక్క రాసేవాడి బుక్కులో మొదలైంది.

కనుక యువకులకు నీతి బోధించే ముందు పెద్దలు చేయాల్సిన పనులున్నాయి. అడ్వాన్సు ఇచ్చిన రోజునే పనికాలం, కూలి, తిరుగు ప్రయాణం కాగితం మీదికి రావాలి, ఆ కాగితం నకలు కూలి చేతిలో ఉండాలి. విత్తన బాకీకీ పంట అమ్మకానికీ ముడి విప్పాలి. కౌలు రైతుకు బ్యాంకు తలుపు తెరవాలి. పేదల దివాలా అధ్యాయాన్ని అమలు చేయమని మన ప్రజాప్రతినిధులను అడగాలి. భూమి తీసుకునేవాడు ఇచ్చిన ప్రతి హామీకీ గడువు, గడువు తప్పితే జరిమానా ఉండాలి. అప్పు తీర్చని కూలి పేరు ఊళ్లో అందరికీ తెలిసినట్టే, కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు పేరు కూడా అందరికీ తెలియాలి.

సురవరం ప్రతాపరెడ్డి గారు చరిత్రను జనం వైపు తిప్పి రాశారు. నీతిశాస్త్రాన్ని కూడా అలా తిప్పి రాయాల్సిన అవసరం ఉంది. తీసుకున్నవాడు తీర్చాలన్న ధర్మం పాలమూరు పేదలకు ఎవరూ నేర్పనక్కర్లేదు, నూట డెబ్బై ఏళ్లుగా వాళ్లే ఇతరులకు నేర్పారు. ఇచ్చినవాడు, రాసినవాడు, కొన్నవాడు, ఏలినవాడు కూడా మాటకు కట్టుబడాలన్న రెండో సగం ధర్మం ఇంకా రాయాల్సి ఉంది. దాన్ని రాయగల అర్హత ఈ నేలకే ఎక్కువ ఉందని నేను నమ్ముతున్నాను.